మాట రాని బిడ్డకు మనమే కాపలా

"మా వాడికి మాటలు రావు గాని, అన్నీ తెలుస్తాయి డాక్టరుగారూ" అని మా ఓ.పి.కి వచ్చే తల్లులు చాలామంది అంటూ ఉంటారు. ఆ మాట నిజం. ఆటిజం ఉన్న పిల్లలలో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు మందికి బడి వయసు వచ్చినా చెప్పుకోదగ్గ మాటలు రావు. మాటలు రానంత మాత్రాన వారికి నొప్పి తెలియదని కాదు. భయం లేదని కాదు. ఎవరు ముద్దు చేస్తున్నారో, ఎవరు బాధపెడుతున్నారో తెలియదనీ కాదు. తెలిసిన దానిని పైకి చెప్పుకునే దారి లేదు, అంతే. ఆ దారి లేకపోవడమే కొందరికి ధైర్యమవుతున్నది.

ఈ సంగతి రాయడం నాకు కష్టంగానే ఉంది. చదవడం మీకూ ఇబ్బందిగానే ఉంటుంది. అయినా రాయక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోద్బలంతో జరిగిన ఒక పరిశీలన 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వైకల్యం ఉన్న పిల్లలు ఏదో ఒక రకం హింసకు గురయ్యే అవకాశం మిగతా పిల్లలకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువని అది తేల్చింది. ఆ లెక్కలు చాలావరకు సంపన్న దేశాలవి. అయితే మన ఇళ్లలో అలాంటివి జరగవని అనుకోవడానికి ప్రభుత్వాస్పత్రిలో పిల్లల వార్డు చూసిన ఏ డాక్టరుకూ ధైర్యం చాలదు.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మనం పిల్లలకు "కొత్తవాళ్లతో వెళ్లకు, కొత్తవాళ్లు ఏమిచ్చినా తినకు" అని నేర్పుతాము. కాని పిల్లలకు కీడు చేసేవారిలో ఎక్కువమంది కొత్తవారు కారు. బంధువు, ఆయా, ఆటో డ్రైవరు, ట్యూషను మాస్టారు, శిక్షణ ఇచ్చే మనిషి – ఇంటిల్లిపాదీ నమ్మినవారే. కంచే చేను మేసినట్లు!

వీరికే ఎందుకు ఎక్కువ ప్రమాదం?

మొదటి కారణం, ఈ పిల్లలకు స్నానం, దొడ్డికి కూర్చోబెట్టడం, బట్టలు మార్చడం పదేళ్లు దాటినా ఇంకొకరు చేయవలసి వస్తుంది. ఒంటిమీద చేయి వేసేవారు ఎక్కువమంది. వేయవలసిన చేయి ఏదో, వేయరాని చేయి ఏదో బిడ్డకు విడదీసి చెప్పేవారు తక్కువ.

రెండవది, మనం వీరికి నేర్పేదంతా చెప్పినమాట వినడమే. "కూర్చో" అంటే కూర్చోవాలి, "చేయి ఇవ్వు" అంటే ఇవ్వాలి. వింటే బిస్కెట్టు, వినకపోతే కోపం. వద్దనడం ఎవరూ నేర్పరు. వద్దంటే అది మొండితనం కింద లెక్క.

మూడవది, బిడ్డ తనకు చేతనైన రీతిలో చెప్పినా మనం దానిని జబ్బు ఖాతాలో రాస్తాము. ఏడిస్తే ఆటిజం, కొరికితే ఆటిజం, నిద్రపోకపోతే ఆటిజం!

నాలుగవ కారణం పైకి అనడానికి పెద్దలు మొగమాటపడతారు. ఇలాంటి బిడ్డను చూసుకునే మనిషి దొరకడమే గగనం. దొరికిన మనిషి మానేస్తే తల్లి ఉద్యోగం మానాలి. కాబట్టి మనసులో ఎక్కడో అనుమానం మెదిలినా, దానిని అక్కడే నొక్కేసుకుంటారు.

ఒక పిల్లవాడి సంగతి

కొన్నేళ్ల కిందట తొమ్మిదేళ్ల పిల్లవాడిని తీసుకువచ్చారు. తల్లి, తండ్రి ఇద్దరూ ఉద్యోగస్తులు. నెల రోజులుగా రాత్రిళ్లు నిద్ర లేదు. తల గోడకేసి కొట్టుకుంటున్నాడు. స్నానానికి నీళ్లు తోడితే చాలు, మంచం కిందకు దూరుతున్నాడు. "ఆటిజం ముదిరినట్లుంది, నిద్రమాత్ర ఏదైనా రాయండి" అన్నారు.

మాట రాని పిల్లల ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు నొప్పికోసం వెతకాలి. చెవిపోటు, పుచ్చుపన్ను, మలబద్ధకం – ఈ మూడూ ఇలాంటి గొడవలు తెస్తాయి. మూడూ చూశాను, లేవు. చొక్కా విప్పించి చూస్తే భుజాల వెనక, చంకల కింద గిల్లిన మచ్చలు, గోరుగాట్లు. "వాడే గిల్లుకుంటున్నాడేమో" అన్నాడు తండ్రి. నిజమే, ఈ పిల్లలు కొందరు తమను తాము కొరుక్కుంటారు, గిల్లుకుంటారు. కాని వాడి చేయి వాడి వీపుకు అందదుగదా!

స్నానం ఎవరు చేయిస్తారని అడిగాను. తల్లి ముఖం పాలిపోయింది. ఆమెకు పిన్ని వరస అయ్యే ఆవిడ నాలుగేళ్లుగా వారింట్లోనే ఉంటున్నదట. "ఆవిడను అనుమానిస్తే నాకు పుట్టగతులుండవు" అన్నది తల్లి. "అమ్మా, మీరు ఎవరినీ అనుమానించనక్కరలేదు. ఈ పూటనుంచి స్నానం మీరే చేయించండి" అని చెప్పి, మచ్చలను కేసు కాగితం మీద బొమ్మ గీసి నమోదు చేసి, అదే రోజు 1098కు తెలియజేశాను. శిశు సంక్షేమ సమితి విచారణలో, విసుగు పుట్టినప్పుడు గిల్లేదానినని ఆవిడే ఒప్పుకున్నది. మూడు వారాలకు పిల్లవాడు రాత్రిళ్లు నిద్రపోవడం మొదలుపెట్టాడు. నిద్రమాత్ర అవసరం పడలేదు.

ఏమేమి గమనించాలి?

ఆడే పిల్లలకు మోకాళ్లమీద, మోకాలి కిందుగా, నుదుటిమీద దెబ్బలు మామూలే. చెవులు, మెడ, వీపు, పిరుదులు, తొడల లోపలిభాగం – ఈ చోట్ల కమిలిన మచ్చలుంటే ఆలోచించాలి. వేళ్ల అచ్చు, బెల్టు అచ్చు, తాడుతో కట్టిన గుర్తు, గుండ్రని కాలిన మచ్చ ఉంటే ఇక ఆలోచించనవసరం లేదు, డాక్టరుకు చూపించాలి. మన పల్లెల్లో మూర్ఛకనీ, మాటలు రావాలనీ వాతలు పెట్టించేవారు ఇంకా ఉన్నారు. ప్రేమతో పెట్టించినా వాత వాతే. దానివల్ల మాట రాదు, పుండు వస్తుంది.

అలవాటైన పాయిఖానా శుభ్రత తప్పిపోవడం, ఒక మనిషిని చూడగానే బిగుసుకుపోవడం, ఒక గదిలోకి గాని ఆటోలోకి గాని ఎక్కనని పెనుగులాడడం, బట్టలు విప్పనివ్వకపోవడం, లేదా ఇంతకుముందు లేని లైంగిక చేష్టలు చేయడం – ఇవి జాగ్రత్త పడవలసిన మార్పులు. మూత్రంలో మంట, మర్మాంగాల దగ్గర వాపు, రక్తం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవాలి. మగపిల్లలకు ఈ ప్రమాదం లేదనుకోవడం పెద్ద పొరపాటు.

అయితే ఈ మార్పులలో ఏ ఒక్కటీ దానంతట అదే రుజువు కాదు. కొత్త ఇల్లు, కొత్త బడి, పంటినొప్పి కూడా ఇదే పని చేయవచ్చు. అలాగే ఒంటిమీద గాయం లేనంత మాత్రాన ఏమీ జరగలేదని కూడా కాదు.

ముందు జాగ్రత్తలు

మాట రాని బిడ్డకు అన్నిటికంటే పెద్ద రక్షణ, చెప్పుకునే దారి చూపడం. బొమ్మల కార్డులు, సైగలు, ఫోనులో బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ – ఏదైనా సరే. ఇవి వాడితే ఇక మాటలు రావేమోనన్న భయం అక్కరలేదు, ఇవి మాటకు అడ్డు కావు. నేను చూసిన బొమ్మల పుస్తకాలలో నీళ్లు, బిస్కెట్టు, బంతి, బస్సు అన్నీ ఉంటాయి. "నొప్పి", "వద్దు", "ఆపు", "భయం" ఉండవు. ఒంటి భాగాల బొమ్మలుంటే నడుము దగ్గర ఆగిపోతాయి. బిడ్డకు బొమ్మే లేని చోట ఏమి జరిగినా ఎలా చూపిస్తాడు? మర్మాంగాల బొమ్మలు, ఇంట్లోవారి ఫోటోలు, ఆయా, డ్రైవరు, టీచరు ఫోటోలు కూడా ఆ పుస్తకంలో ఉండాలి. ఈ శిక్షణ జిల్లా ఆస్పత్రులలోని సత్వర చికిత్సా కేంద్రాలలోను, సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని నీపిడ్ సంస్థలోను అడిగి తెలుసుకోవచ్చు.

"వద్దు" అనడం నేర్పండి. నేర్పినమీదట దానిని మన్నించండి. ముద్దు వద్దని తల తిప్పుకుంటే తాతగారైనా సరే మానుకోవాలి. మందు, ఇంజక్షను వంటివి తప్పవు. తప్పనివి కానిచోట బిడ్డ వద్దన్నది సాగాలి.

స్నానం, శుభ్రత చేయించే పద్ధతిని వరుసక్రమంలో రాసి గోడకు అంటించండి. ఎవరు చేయించినా అదే వరుస. రోజూ ఒకే రీతిగా జరిగితే, తేడా వచ్చినప్పుడు బిడ్డకూ తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. ఆ పని చేసేవారు ఇద్దరు ముగ్గురికి మించకూడదు.

శిక్షణ కేంద్రంలో చేర్చేముందు "మేము ఎప్పుడైనా వచ్చి చూడవచ్చునా?" అని అడగండి. తలుపుకు అద్దముండాలి, లేదా తలుపు తెరిచి ఉండాలి. "తల్లి కనిపిస్తే బిడ్డ మాట వినడు" అని కొందరంటారు. కొన్నాళ్లు పక్కగదిలో కూర్చోమంటే అర్థముంది. ఎన్నటికీ చూడనివ్వమంటే అక్కడ చేర్చకండి. చెప్పకుండా వెళ్లి చూసి రండి. మంచివారు దానికి కోపగించుకోరు.

అనుమానం వస్తే

బిడ్డ ఎదుట కేకలు వేయకండి. ఆ మనిషిని నిలదీయడానికి ముందు, ఆ మనిషి నుంచి బిడ్డను వేరుచేయండి. "వాడు కొట్టాడా? వీడు కొట్టాడా?" అని పదిసార్లు గుచ్చి అడగకండి. బిడ్డ చేయి పట్టుకుని అక్షరాలమీద తిప్పి రాయించే పద్ధతిని నమ్మకండి. ఆ రాతలు బిడ్డవి కావు, చేయి పట్టుకున్నవారివని 1990ల నాటి పరీక్షలలోనే తేలింది. అలాంటి రాతల ఆధారంగా అమెరికాలో నిరపరాధులైన తల్లిదండ్రులమీద కేసులు పడ్డాయి. బిడ్డ తనంతట తాను చూపించినదే చూపినట్లుగా తేదీ, వేళ వేసి రాసుకోండి.

లైంగికంగా ఏదైనా జరిగిందనిపిస్తే స్నానం చేయించకండి. బట్టలు ఉతకకుండా కాగితపు సంచిలో పెట్టి తీసుకురండి. ప్లాస్టిక్ సంచి పనికిరాదు, చెమ్మకు ఆధారాలు చెడిపోతాయి. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. పోలీసు కాగితం తెస్తేనే చూస్తామని ఏ డాక్టరూ అనకూడదు. చికిత్సకు డబ్బు అడగకూడదు. ప్రైవేటు ఆస్పత్రికీ ఇదే నియమం. ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్షించాలి. బిడ్డ నమ్మిన మనిషి పక్కన ఉండాలి.

2012 నాటి పోక్సో చట్టం కింద, లైంగిక నేరం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి ఏ ఇబ్బందీ ఉండదు. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, తీసుకునే అధికారి యూనిఫారంలో ఉండకూడదు. మాట రాని బిడ్డ అయితే ఆ సైగలు తెలిసిన మనిషిని, ప్రత్యేక టీచరును సాయంగా పిలిపించే వీలును చట్టమే కల్పించింది. మాటలు రానివాడికి సాక్ష్యమెక్కడిది అని ఎవరైనా అంటే నమ్మకండి. కొట్టడం, కట్టివేయడం, మాడ్చడం వంటివి 2015 నాటి బాలల న్యాయచట్టం కింద నేరాలు. 1098కు రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు.

చివరగా ఇంట్లోవారికి ఒక మాట. పిల్లలను కొట్టేవారందరూ క్రూరులు కారు. రాత్రంతా నిద్ర లేక, సాయం చేసే దిక్కు లేక, చేయి చేసుకుని తరవాత ఏడ్చే తల్లులనూ చూశాను. ఆ తల్లికి నీతులు కాదు, రోజుకు రెండు గంటల విశ్రాంతి కావాలి. తండ్రి, అత్తగారు, ఆడపడుచు తలా కొంచెం పంచుకోవాలి. చేయి లేస్తున్నదనిపించినప్పుడు బిడ్డను క్షేమమైన చోట కూర్చోబెట్టి పక్కగదిలోకి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. అది రోజూ అవుతుంటే సిగ్గుపడక డాక్టరుకు చెప్పండి. ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఈ రాత్రి స్నానం మీరే చేయించి, వీపూ తొడలూ ఒకసారి చూడండి. వారానికొకసారి చూడడం అలవాటు చేసుకోండి. ఏమీ కనిపించకపోతే హాయిగా నిద్రపోండి. కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి.