కిల్టు కురచైన కథ

‘‘ఏవండీ, ఇది హోటలేనా?’’ వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

2015 జూన్ సంగతిది. డిప్లొమా పూర్తిచేసి పత్రికలో చేరిన కొత్తలో, సెలవు పెట్టి అమెరికాలో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్లాను. ఆరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ శివారు. ఆదివారం గుడికెళ్లి తిరిగొస్తున్నాం. బయట 43 డిగ్రీల ఎండ... మన రామగుండం రోహిణీకార్తెను గుర్తుచేస్తోంది. రోడ్డు పక్కన ఆకుపచ్చ బోర్డు, దాని మీద మూడాకుల గుర్తు. ‘‘ఐరిష్ వంటకాలట, బంగాళాదుంపతో ఏదో ఒకటి దొరక్కపోదు’’ అంటూ అన్నయ్య కారు ఆపేశాడు. నుదుట కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లం... అలాగే లోపలికి అడుగుపెట్టాం.

ఎదురొచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. జానెడు గళ్ల స్కర్టు, బొడ్డు పైన ముడివేసిన తెల్లచొక్కా, మోకాళ్ల దాకా మేజోళ్లు. చిరునవ్వుతో ‘‘ఎంతమంది?’’ అని అడిగింది. అన్నయ్య గోడ మీద టీవీలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను నేల వంక చూశాను. వదినే తేరుకుని ‘‘ముగ్గురం’’ అంది.

గోడ మీద ఐర్లండు... ఒంటి మీద స్కాట్లండు!

కూర్చున్నాక చుట్టూ చూస్తే తెలిసింది, అది పబ్బని. ఓ గోడకు ఐర్లండు మూడాకు, మరో గోడకు స్కాట్లండు బ్యాగ్‌పైపు. తలుపు మీద పాత కెల్టిక్ రాళ్ల మీద కనిపించే తీగల అల్లిక. మెనూలో బంగాళాదుంప చిప్సు మీద చీజ్ పోసి ‘ఐరిష్ నాచోస్’ అనే పేరు. కెల్టిక్ అంటే ఐర్లండు, స్కాట్లండు, వేల్స్, ఫ్రాన్సులోని బ్రిటనీ లాంటి చోట్ల ఒకే కుటుంబానికి చెందిన భాషలు మాట్లాడిన జనం. వాళ్లందరినీ ఇక్కడ ఒకే కుండలో వేసి కలిపేశారు. ‘ఇండియన్ రెస్టారెంట్’ గోడ మీద కథకళి ముఖం, పంజాబీ డోలు, తాజ్‌మహల్ పక్కపక్కనే వేలాడుతుంటాయే... సరిగ్గా అలాగే!

ఈ వేషానికి మూలం వెతికితే లాస్‌వేగాస్ తేలింది. అక్కడి ఓ కేసినో హోటల్లో 2003లో ‘టిల్టెడ్ కిల్ట్’ అనే పబ్బు తెరిచారు. తరవాత ఫీనిక్స్ పక్కనే ఉన్న టెంపే పట్టణాన్ని కేంద్రం చేసుకుని, ఫ్రాంచైజీలిస్తూ అమెరికాలోనూ కెనడాలోనూ విస్తరించింది. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ఉన్నది టెంపేలోనే కాబట్టి మన విద్యార్థులకు ఆ ఊరు కొత్తకాదు. దీనికంటే ముందు 1983లో ఫ్లోరిడాలో పుట్టిన ‘హూటర్స్’ ఈ తరహా వ్యాపారానికి పెద్దన్న. 2005లో టెక్సాస్‌లో మొదలైన ‘ట్విన్ పీక్స్’ కొండల్లో విడిది ఇంటి అలంకారం పెట్టుకుంది. అలంకారాలు వేరు, సూత్రం ఒకటే... బీరు, క్రికెట్ లేని క్రీడల చానళ్లు, కురచ దుస్తుల్లో వడ్డించే అమ్మాయిలు.

చట్టం తీసేసినా పోని బట్ట

అసలు విచిత్రమేమిటంటే, కిల్టు ఆడవాళ్ల బట్టే కాదు! స్కాట్లండు ఎత్తు ప్రాంతాల్లో మగవాళ్లు కట్టేది. మొదట్లో అదొక పెద్ద ఉన్ని దుప్పటి. నడుముకు కుచ్చిళ్లు పోసి బెల్టు బిగించి, మిగిలింది భుజం మీద వేసుకునేవారు. చలికి కప్పుకునేదీ అదే, రాత్రికి పరుచుకునేదీ అదే. ఇంచుమించు మన పల్లెల్లో గొర్రెల కాపరి గొంగళి లాంటిది. పద్దెనిమిదో శతాబ్దంలో పైభాగం పోయి, నడుము నుంచి మోకాళ్ల దాకా ఉండే పొట్టి కిల్టు వాడుకలోకి వచ్చింది.

1746లో కలోడెన్ యుద్ధంలో ఎత్తు ప్రాంతాల తిరుగుబాటుదారులు ఓడిపోయాక, బ్రిటన్ ప్రభుత్వం ఆ బట్టనే నిషేధించింది. కట్టుకుని దొరికితే తొలిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ల ద్వీపాంతరవాసం! సైన్యంలో ఉన్నవాళ్లకు మాత్రమే మినహాయింపు. 1782లో ఆ చట్టం రద్దయింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు, రచయిత వాల్టర్ స్కాట్ చేసిన ఏర్పాట్ల మధ్య ఆయనే స్వయంగా కిల్టు కట్టాడు. నేరమన్న బట్ట రాజు ఒంటికెక్కింది. ఈనాటికీ స్కాట్లండులో పెళ్లికొడుకులు కిల్టు కడుతుంటారు.

జైలుకెళ్లేంత పౌరుషమున్న ఆ మగబట్ట అట్లాంటిక్ దాటి జానెడై, ఓ కాలేజీ అమ్మాయికి యూనిఫామ్ అయింది.

దాక్కోమన్న గది

‘ఐర్లండులో అసలు పబ్బులు ఇలా ఉండవు, కుటుంబమంతా వెళ్తారు’ అని వాదించేవాళ్లు చాలామందే ఉన్నారు. నిజమే. పబ్బంటే పబ్లిక్ హౌస్... ఊరందరి ఇల్లు. ఐర్లండు పల్లెల్లో ముందు కిరాణా కొట్టు, వెనకాల బీరు బల్ల ఉండే పబ్బులు మామూలు. చావు కబురైనా పంట ధరైనా అక్కడే తెలిసేది.

కానీ ఆ ఊరందరి ఇంట్లో ఆడవాళ్లకు చోటెక్కడ? పాత పబ్బుల్లో ‘స్నగ్’ అని చిన్న చెక్కగది ఉండేది. బార్ వైపు ఓ చిన్న కిటికీ. గ్లాసు అందులోంచి వస్తుంది, లోపలున్నది ఎవరో బయటివాళ్లకు కనిపించదు. తాగుతూ నలుగురి కంటా పడకూడదనుకునే పాదిరీలు, పోలీసులు, ఆడవాళ్లు అక్కడ కూర్చునేవారు. 1970లలో కూడా ఆడవాళ్లకు పెద్ద గ్లాసు బీరు పోయమన్న పబ్బులు ఐర్లండులో ఉన్నాయి. ఇలాంటి వివక్ష కూడదని అక్కడ సమాన హోదా చట్టం వచ్చింది 2000లో!

అంటే అసలు పబ్బు ఆడవాళ్లను దాక్కోమంది. ఈ నకలు పబ్బు చూపించమంటోంది. అక్కడా ఇక్కడా ఆమె ఇష్టాన్ని అడిగినవాళ్లు తక్కువే.

ఎవరి మాట వాళ్లది

మా బల్ల దగ్గరే రెండు పార్టీలు తయారయ్యాయి. ‘‘ఎవరూ బలవంతం చేయలేదుగా. ఇష్టమై చేరింది, నచ్చకపోతే మానేస్తుంది. మనమెవరం అనడానికి?’’ ఇది అన్నయ్య. ‘‘ఇది వడ్డించే పనా, వేషమా?’’ ఇది నేను. అప్పటికి నాకు అన్నీ తెలుసనుకునే వయసు మరి!

అమెరికా కోర్టుల్లోనూ ఇలాంటి పేచీ నడిచింది. వడ్డించే పనికి మగవాళ్లను తీసుకోవడం లేదంటూ హూటర్స్ మీద కొందరు మగవాళ్లే దావా వేశారు. 1997లో 37.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మగవాళ్లకూ తీసుకోదగ్గ కొన్ని కొలువులు పెట్టారు. ఆ దుస్తుల కొలువు మాత్రం ఆడవాళ్లకే మిగిలింది.

వదిన మాత్రం మా వాదనలోకి రాలేదు. ఆ అమ్మాయి నిమ్మరసం గ్లాసులు తెచ్చినప్పుడు, చొక్కాకున్న పేరుబిళ్ల చదివి, పేరు పెట్టి పిలిచి ‘‘చదువుకుంటున్నావా?’’ అని అడిగింది. నర్సింగు చదువుతోందట. జనం తక్కువగా ఉండటంతో రెండు నిమిషాలు నిలబడి మాట్లాడింది. కారులో ఎప్పుడూ ఓ స్వెట్టరు ఉంచుకుంటుందట, షిఫ్టు అవగానే తొడుక్కోవడానికి. ‘‘వచ్చేవాళ్లలో కొందరు అదేపనిగా చూస్తారు. కొందరు అసలు ముఖమే చూడకుండా నేలతో మాట్లాడతారు’’ అంటూ నవ్వేసింది.

నాకు చురుక్కుమంది. అరగంట నుంచి నేను నేలతోనే మాట్లాడుతున్నాను. అది మర్యాదనుకున్నాను.

జీతం ఎవరిచ్చేది?

బిల్లు వచ్చింది. టిప్పు ఎంత రాయాలని అన్నయ్య లెక్క వేస్తుంటే, ఆ రోజే నాకు ఓ సంగతి తెలిసింది. అమెరికాలో టిప్పులొచ్చే కొలువులకు కనీస వేతనం వేరు. కేంద్ర చట్టం ప్రకారం యజమాని గంటకు 2.13 డాలర్లిస్తే చాలు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులు కలిపినా మామూలు కనీస వేతనానికి తగ్గితే ఆ తేడా యజమానే పూడ్చాలి. కొన్ని రాష్ట్రాలు ఇంకాస్త ఎక్కువిస్తాయి. ఆరిజోనాలో 2015లో కనీస వేతనం 8.05 డాలర్లుంటే, టిప్పులొచ్చేవాళ్లకు 5.05 డాలర్లు ఇస్తే సరిపోయేది. కాలిఫోర్నియా, నెవాడా లాంటి కొద్ది రాష్ట్రాల్లోనే ఈ తేడా లేదు.

అంటే ఆమె సంపాదనలో పెద్దభాగం బల్ల దగ్గర కూర్చున్నవాడి దయ. వాడు వెకిలిగా మాట్లాడినా నవ్వాల్సిందే, ఇంటి అద్దె ఆ నవ్వులోనే ఉంది మరి. ‘ఇష్టమై చేరింది’ అన్న అన్నయ్య మాటలో ఈ లెక్క లేదు. ‘ఇది పనా’ అన్న నా మాటలోనూ లేదు.

తిరుగుదారిలో వదిన చాలాసేపు మాట్లాడలేదు. ఆవిడ ఇక్కడ ఎమ్మెస్సీ చదివింది. హెచ్-4 వీసా మీద వెళ్లి ఆరేళ్లుగా ఇంట్లోనే ఉంది, ఆ వీసాతో ఉద్యోగం చేయకూడదని. గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వచ్చిన ఉద్యోగుల భార్యాభర్తలకు పని అనుమతులివ్వడం సరిగ్గా ఆ ఏడాది మే 26న మొదలైంది. వదిన దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తోంది.

‘‘ఆ పిల్లను చూసి జాలిపడకు’’ అంది చివరికి నాతో. ‘‘ఫీజు తనే కట్టుకుంటోంది. నాకు నిండా బట్టలున్నాయి, చేతిలో మాత్రం నాదంటూ ఒక్క డాలరు లేదు. ఎన్ని అంగుళాల గుడ్డ అని మీరిద్దరూ కొట్టుకున్నారు. అదే జీతం నేరుగా ఇచ్చి, ఏ చొక్కా వేసుకుంటావో నీ ఇష్టం అంటే ఆ పిల్ల ఏది తొడుక్కునేదో అడగాలనిపించలేదా?’’

అన్నయ్య రేడియో శబ్దం పెంచాడు.

ఇది జరిగి పదేళ్లు దాటింది. పెద్దన్న హూటర్స్ 2025 మార్చి 31న దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. కుటుంబాలు వచ్చేలా మారుస్తామని, తొలి వ్యవస్థాపకులతో కూడిన బృందం ప్రకటించింది. వదిన ఓ బ్యాంకులో మంచి హోదాలో ఉంది. ఆ నర్సింగు అమ్మాయి ఈపాటికి ఏ ఆసుపత్రిలోనో ఉండి ఉంటుంది.

ఇప్పుడు నేను ఎక్కడ భోజనానికి వెళ్లినా, వడ్డించేవాళ్ల ముఖం చూసి పేరు అడుగుతాను. నేలతో మాట్లాడటం మానేశాను.