సందులో టంకం

జి.కొండూరులో (అప్పటికి కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా) మా ఇంటి ముందుగదే నాన్నగారి పనిగది. బడినుంచి వచ్చేసరికి కుంపటి, ఊదుగొట్టం, పట్టుకారు, నీళ్ళలో అరగదీసిన వెలిగారం కనిపించేవి. అతకవలసిన రెండు ముక్కలను ఆయన ఆకురాయితో పదేపదే రుద్ది, దీపానికెదురుగా పట్టి చూసేవారు. నడుమ వెలుతురు ఎక్కువ కనబడితే మళ్ళీ రుద్దుడే. "సందు నింపడం టంకం పని కాదురా, పట్టి ఉంచడమే దాని పని" అనేవారు. నాకది చాదస్తమనిపించేది.

పాతికేళ్ళ తరువాత అదే పని నాకు హైదరాబాదులో కంప్యూటరు మీద తగిలింది. రెండు ఉక్కు కడ్డీల నడుమ వెండి, రాగి మిశ్రమంతో వేసిన అతుకు ఎంత లాగుడుకు తెగుతుందో లెక్కకట్టాలి. 72 పాళ్ళు వెండి, 28 పాళ్ళు రాగి. విడిగా వెండి 962 డిగ్రీల దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. ఈ పాళ్ళలో కలిపితే మాత్రం 780 డిగ్రీలకే నీరవుతాయి. రాగి చేరిన వెండి త్వరగా కరుగుతుందని ఏ కంసాలినడిగినా చెబుతాడు.

మిశ్రమాన్ని విడిగా కడ్డీ పోసి, లాగి కొలిచిన బలాన్నే నేను లెక్కలోకి తీసుకున్నాను. అసలు అతుకు అంతకంటే చాలా ఎక్కువ మోసింది. నెలరోజులు ప్రోగ్రాములో తప్పు వెదికాను. తప్పు అక్కడ లేదు. పలుచని పొర నిలువునా సాగాలంటే పక్కలకు సన్నబడాలి. రెండువైపులా అంటిపెట్టుకొన్న గట్టి ఉక్కు దానిని సన్నబడనివ్వదు. అందుచేత మెత్తని లోహం తన సొంత బలానికి మించి నిలబడుతుంది. సందు వెడల్పయ్యేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. మరీ ఇరుకైతే కరిగిన టంకం లోపలికి పాకక ఖాళీలు మిగులుతాయి. స్థూలంగా 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు మంచి సందు. దీపం ముందు నాన్నగారి కన్ను వెదికినది ఇంచుమించు ఆ కొలతనే.

అప్పటికి ఆయన పని మానేశారు. బంగారం మాటు తగ్గకూడదని కేడీఎం టంకం వాడిన సంవత్సరాలు చాలానే ఉన్నాయి. అందులోని కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. మా గదికి ఒకటే కిటికీ. ఆయన దగ్గుకు కారణం అదేనని నా నమ్మకం.

ఫోను చేసి సంగతంతా చెప్పాను.

"వెలిగారం ఏది వాడారు?"

"అక్కర లేదు నాన్నగారూ, గాలి తీసేసిన కొలిమిలో అతుకుతారు."

"గాలి లేకుండానా!" అని ఆశ్చర్యపోయి, దగ్గు ఆగాక, ముక్కలు ఎవరు రుద్దారని అడిగారు.

యంత్రమన్నాను.