వెనక తలుపు

మా అన్న బండికి వెనక తలుపు సరిగా పడదని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా పిల్లల్ని ఎక్కించాను. ఈ మాట మొదలే చెప్పుకుంటే మిగతాది రాయడం సులువు.

మాది నారాయణఖేడ్ వైపు ఒక తండా. చలికాలం వస్తే సగం ఇండ్లకు తాళాలే, అందరూ చెరుకు నరకడానికి పోయేవారు. ఆ బాధ పడలేక కొందరు పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల బాట పట్టారు. అన్న కూడా ఇస్నాపూర్‌లో ఉండి, ఒక పాత జీపు లాంటి పెద్ద బండి కొని షిఫ్టులకు కూలీలను తిప్పుతాడు. నేను మెదక్ డైట్‌లో చదివి టీచర్‌నయ్యాను. ఇప్పుడు ఆ కూలీల పిల్లలే నా బడిలో ఉన్నారు.

ఆ ఆదివారం నలుగురు పిల్లలను గురుకులం ప్రవేశ పరీక్షకు సంగారెడ్డి తీసుకుపోవాలి. బస్సును నమ్ముకుంటే ఆలస్యమవుతుందని అన్నను అడిగాను. "బాయీ, ఎనక తలుపు ఖరాబైంది, తాడు కట్టుకో" అన్నాడు. నైలాన్ తాడుతో ముడి వేసింది నేనే. కంది దగ్గర స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరింది. ముడి జారి తలుపు బార్లా తెరుచుకుంది. పక్క బెంచీ చివర కూర్చున్న పిల్ల ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. పరీక్ష అట్ట, హాల్ టికెట్ రోడ్డు మీద పడ్డాయి. వెనక లారీవాడు బ్రేక్ వేసి ఏం తిట్టాడో నాకు వినపడలేదు. హాల్ టికెట్ మీద టైరు మరక పడింది గానీ చిరగలేదు. పరీక్ష రాసి వచ్చేదాకా ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చేటప్పుడు పిల్లలను బస్సెక్కించాను.

సోమవారం బడి అయ్యాక బండిని ఇస్నాపూర్‌లో చాచా షెడ్డుకు తోలించాను. అన్న గొణిగాడు, "దీనికెందుకు పైసలు, బండే ముసలిదాయె." డబ్బు నేనిస్తానన్నాను. నిజానికి వాడి బాధ డబ్బు ఒక్కటే కాదు, ఒక షిఫ్టు పోతే కిరాయి పోతుంది, అలవాటైన కూలీలు వేరే బండికి పోతారు.

చాచా తలుపు లోపలి అట్ట విప్పి, "చూడు బేటీ" అని నన్ను పిలిచాడు. లాక్‌లో కొక్కెం లాంటి ఇనుప ముక్క ఒకటి తిరుగుతుంది. తలుపు వేసినప్పుడు బండికి బిగించిన కడ్డీ దాన్ని నెడుతుంది. అది తిరిగి కడ్డీని పట్టుకోగానే చిన్న పిల్లి ఒకటి దాని గాడిలో పడి వెనక్కి పోనివ్వదు. గాళ్లు రెండు. మొదటి దాంట్లో పడితే తలుపు సగమే పడినట్టు, రెండో దాంట్లో పడితేనే పూర్తిగా పడినట్టు. కిరోసిన్‌తో కడిగితే నల్లటి జిగురు ఊడింది. పాత గ్రీజులో కంపెనీల దుమ్ము కలిసి గట్టిపడింది. దాంతో పిల్లి సగంలోనే ఆగిపోతోంది. దాని స్ప్రింగ్ కూడా సాగిపోయింది. అంతేకాదు, కబ్జాలు అరిగి తలుపు కిందికి దిగింది, అందుకే కడ్డీ కొక్కెంలోకి తిన్నగా పోవడం లేదు. అన్న దాన్ని సుత్తితో కొట్టి సరిచేశానని ఏడాదిగా అనుకుంటున్నాడు.

లాక్ రివెట్లతో బిగించింది, స్ప్రింగ్ ఒక్కటే మార్చలేం. పాత సామాన్ల దుకాణంలో అలాంటిదే 400 రూపాయలకు దొరికింది. చాచా ముందు కబ్జాల బుష్‌లు మార్చి తలుపును పైకెత్తాడు. ఆ తర్వాతే లాక్ బిగించాడు. కడ్డీ బోల్టులు వదులు చేసి, అటూ ఇటూ జరిపి, తలుపు తేలిగ్గా పడే చోట బిగించాడు. నేనైతే లాక్ మార్చి ఇంటికి పోయేదాన్ని, తలుపు వారానికే మళ్లీ మొదటికి వచ్చేది.

పరీక్షించే పద్ధతి కూడా చూపించాడు. తలుపు తెరిచి ఉంచి స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని నెట్టాలి. టక్, టక్ అని రెండు చప్పుళ్లు రావాలి. తర్వాత హ్యాండిల్ లాగి వదిలించాకే తలుపు వేయాలి. మరిచి వేస్తే కడ్డీ లాక్‌కు గుద్దుకుని కొత్తది కూడా వంకర పోతుంది.

వెనక తలుపుల లాక్‌ల మీద పెద్ద దేశాలు కూడా ఆలస్యంగానే కళ్లు తెరిచాయి. అమెరికాలో తలుపుల లాక్ నియమాన్ని వెనక తలుపులకు వర్తింపజేసింది 1995లోనట. మన దగ్గర నియమాలు కాగితం మీద ఎన్ని ఉన్నా, షిఫ్టు బండికి తాడే లాక్.

పాత లాక్ అడిగి తెచ్చుకున్నాను. డైట్‌లో బోధనోపకరణాలంటే అట్టముక్కలు, రంగు కాగితాలు చేయించారు. ఈ ఇనుప ముక్కకు సాటి వచ్చేది నేనింతవరకు చేయలేదు. వర్క్‌షాపు ముఖం చూడని పిల్లలు కొక్కేన్ని తిప్పి, పిల్లి పడితే కేకలు పెడతారు. ఒకడైతే, "టీచర్, మా నాయిన కంపెనీల గిసోంటియే జేస్తడు" అన్నాడు. వాళ్ల నాయన చేసేది ప్రెస్ మెషిన్ మీద పని. ఏం చేస్తాడని వాణ్ణి నేను అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

ఆ పిల్లకు గురుకులంలో సీటు వచ్చింది. దసరా సెలవులకు తీసుకురావడానికి అన్న బండిలోనే పోయాను. పెట్టె లోపల పెట్టి తలుపు వేశాను. అది మాత్రం ఎక్కలేదు. నన్ను పక్కకు జరగమని, తలుపు తెరిచి మళ్లీ తనే వేసింది, చెవి దగ్గరగా పెట్టి.

"రెండు వచ్చినయి టీచర్" అంది. అప్పుడు పోయి ముందు సీట్లో కూర్చుంది.