అరుగు మీద ఆఫీసు

ఉద్యోగమంటే మా ఇంట్లో ఊరు వదిలి వెళ్ళడమనే అర్థం. "చదువుకున్నవాడు బస్సెక్కుతాడు, చదువుకోనివాడు గట్టెక్కుతాడు" అనేవాడు మా తాతయ్య. గట్టంటే పొలం గట్టు. గట్టెక్కడానికి ఇంకో అర్థం కూడా ఉందని ఆయనకి తెలియక కాదు. తెలిసే, మీసాల్లో నవ్వుకునేవాడు. మా అన్నయ్య బస్సెక్కినవాడు. కాకినాడలో ఇంజనీరింగు చదివి హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగంలో చేరాడు. పండక్కి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

అలాంటివాడు 2020 మార్చిలో, బస్సులు ఆగిపోవడానికి రెండు రోజుల ముందు, వీపున ఒక సంచీతో దిగాడు. సంచీలో రెండు చొక్కాలూ, ఒక లాప్‌టాపూ. నేనప్పుడు తొమ్మిదో తరగతి. పది రోజుల్లో వెళ్ళిపోతాడనుకున్నాం. రెండేళ్ళున్నాడు.

రావులపాలెంలో బస్సు దిగి, కాలవ గట్టున లోపలికి ఏడు కిలోమీటర్లు వెళితే మా ఊరు. పెంకుటిల్లు, ముందు అరుగు. ఆ అరుగు మీద తాతయ్య పడక్కుర్చీ ఉండేది; ఆయన పోయాక ఎవరూ కూర్చునేవారు కాదు. అన్నయ్య దాన్ని పక్కకి జరిపి బల్ల వేసుకున్నాడు. మొదటి నెల్లాళ్ళూ సిగ్నలుకోసం పడ్డ పాట్లు చెబితే మీరు నవ్వుతారు. ఫోను గడ్డిమేటు మీద పెడితేగాని ఇంటర్నెట్టు అందేది కాదు. గేదె గడ్డి లాగినప్పుడల్లా అమెరికాతో సంబంధాలు తెగిపోయేవి. తరవాత కేబులు ఆయన వచ్చి తీగ లాగాడు.

"అబ్బాయి చేసే పనేంటండీ?" అని ఊళ్ళోవాళ్ళు అడిగేవారు. "ఏదో రాస్తాడండి, అమెరికా వాళ్ళు చూస్తారు" అనేది అమ్మ. ఇంతకంటే చక్కగా ఆ పనిని నిర్వచించినవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

న్యూయార్కు గడియారం మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక నడుస్తుంది. కాబట్టి అన్నయ్య పగలు రాత్రిలోకి వెళ్ళిపోయింది. దాళ్వా రోజుల్లో మా నాన్నదీ అదే పరిస్థితి. మిత్రుల్లో పట్నం పిల్లలున్నారు గనక చెబుతున్నాను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట పుణ్యమా అని, ఆ తరవాత కట్టిన బ్యారేజీ పుణ్యమా అని, మాకు రెండు పంటలు. సార్వాకి గోదావరి నిండుగా ఉంటుంది. దాళ్వాకి వచ్చేసరికి నది సన్నబడిపోతుంది, సీలేరు నుంచి వదిలే నీళ్ళకోసం ఎదురు చూడాలి. అప్పుడు కాలవలకి వంతులు పెడతారు. మన వంతు తెల్లవారుజామున వస్తే తెల్లవారుజామునే వెళ్ళాలి. లేకపోతే పైచేను వాళ్ళు నీళ్ళు తిప్పుకుంటారు. అలా నాలుగింటికి నాన్న టార్చిలైటు, పార పుచ్చుకుని బయల్దేరే వేళకి అన్నయ్య చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేవాడు. అమ్మ ఇద్దరికీ ఒకేసారి టీ పెట్టేది.

"ఏంట్రా, ఇవాళ ఆలస్యమైంది?"

"సర్వరు పడిపోయింది నాన్నా."

"గండి పడిందా?"

"అలాంటిదే. పూడ్చాం. మీరు చలిలో జాగ్రత్త."

వాళ్ళిద్దరూ ఒకరి పని ఒకరికి చెప్పుకోవడం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

డబ్బు సంగతి కూడా రాయాలి. రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మాకు సొంతం ఎకరంన్నర. పోయిన దాళ్వాకి, అంటే 2025 ఏప్రిల్లో, ఎకరానికి 45 బస్తాల చొప్పున 67 బస్తాలు చేతికొచ్చాయి. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకి 2,300. మా 75 కిలోల బస్తాకి 1,725 రూపాయలు. అదైనా తేమ 17 శాతం దాటకుండా ఉంటేనే. దమ్ము, ఊడ్పు, ఎరువులు, కోత మిషను, అన్నీ కలిపి ఎకరానికి 35 వేల పైమాటే. లెక్క కట్టి చూస్తే మిగిలింది 63 వేల చిల్లర. అన్నయ్య హైదరాబాదు జీతం నెలకి ఇంచుమించు అంతే ఉండేది. నాలుగు నెలల దాళ్వా, ఒక నెల జీతం. ఈ లెక్క నాన్న ఎప్పుడూ పైకి అనలేదు గాని, ఆయనకి రాదనుకుంటే పొరపాటు. లెక్కల్లో నాకంటే చురుకు.

ఇక పాటలు. మా ఇంట్లో ఎవరి పాట వారిదే. ఘంటసాల గారు 1974లో పోయేనాటికి నాన్నకి నాలుగేళ్ళు. అయినా ఆయన ఫోనులో ఘంటసాల తప్ప ఇంకో గొంతు వినపడదు. పొలంలో జేబులోంచే మోగుతూ ఉంటుంది. అమ్మ ఫోనులో పాటలే లేవు. ఆవిడ పాటలన్నీ ఊడ్పులవి. పెళ్ళికి ముందు పుట్టింటి చేలో వంగి నాట్లు వేస్తూ పాడినవి. ఒకావిడ ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాటలట అవి, ఒక్కరే పాడితే బాగుండవట. అందుకే ఎంత బతిమాలినా పాడదు. 2025 జనవరిలో మా చేలో ఊడ్చినవాళ్ళు బెంగాలు నుంచి వచ్చిన కుర్రాళ్ళు. గట్టు మీద ఒక చిన్న స్పీకరు పెట్టుకుని వాళ్ళ భాషలో పాటలు వేసుకున్నారు. అమ్మ క్యారేజీ పట్టుకెళ్ళి ఆ పాట అయిపోయేదాకా గట్టు మీద నిలబడింది. "మాటలు తెలీవు గాని, వంగోడానికి సరిపడే పాటే" అంది.

అన్నయ్యది బాలమురళి. మన కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టి, పదిహేనేళ్ళ వయసు నాటికే డెబ్భై రెండు మేళకర్తల్లోనూ పాడగలిగిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు. మాటలున్న పాట పెట్టుకుంటే చెయ్యి ఆగిపోతుందట; ఆలాపన అయితే ప్రోగ్రాము సాగుతుందట. నాకు మొదట్లో ఇది వట్టి గొప్పలా తోచింది. బాలమురళి వింటున్నానంటే నలుగురూ గౌరవిస్తారు కదా!

2024 ఆగస్టులో, అన్నయ్య తిరిగి హైదరాబాదు వెళ్ళిన రెండేళ్ళకి, ఒక పొద్దున్న పది నిమిషాల మీటింగు అయింది. అరగంటలో అతని కంప్యూటరు అతన్ని గుర్తుపట్టడం మానేసింది. వాళ్ళ జట్టు మొత్తానికీ అదే గతి. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇంటికొచ్చి, "మళ్ళీ ఇంటినుంచే పని చెయ్యమన్నారు" అన్నాడు. అరుగు మీద బల్ల వేశాడు, లాప్‌టాపు తెరిచాడు. మూడో రోజుకి నాకు అనుమానం వచ్చింది, ఒక్క ఫోనూ రాలేదు మరి! అమ్మకి మొదటి రాత్రే తెలిసిపోయిందట. తొమ్మిదింటికే ఆకలేస్తోందన్నాడు కనక.

నాన్న ఏమీ అడగలేదు. మర్నాడు యూరియా చల్లడానికి తోడు రమ్మన్నాడు.

ఆ ఖాళీ నెలల్లో అన్నయ్య రాసిన ప్రోగ్రాము గురించి చెప్పడానికే నిజానికి ఇదంతా మొదలుపెట్టాను. ఏడు స్వరాల్లో స, ప కదలవు. మధ్యమాలు రెండు. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు. రెండార్లు పన్నెండు, పన్నెండార్లు డెబ్భై రెండు. వేంకటమఖి పదిహేడో శతాబ్దంలో "చతుర్దండి ప్రకాశిక"లో కట్టిన లెక్క ఇది. అన్నయ్య దాన్ని పధ్నాలుగు వరసల్లో రాశాడు. సంఖ్య కొడితే స్వరాలు వస్తాయి. నేను ఫిజిక్సు విద్యార్థిని గనక నాకు సరదా వేసింది. మా లెక్చరరు గారు క్లాసులో చెప్పిన సంగతి ఒకటి అన్నయ్యకి చెప్పాను. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి.రామన్ 1921లో వీణ మీద ఒక పరిశోధన ప్రకటించారు. తీగని ఒక బిందువు దగ్గర మీటితే, అక్కడ కదలిక లేని అనుస్వరాలు వినపడకూడదని పాత సూత్రం. వీణ మీద అవీ వినపడతాయి. కారణం గుర్రం పైభాగం వంపుగా ఉండడం. "అయితే వీణ చేసినవాళ్ళకి సూత్రం తెలీదన్నమాట" అన్నాడు అన్నయ్య. "తెలిస్తే చెడగొట్టేవాళ్ళేమో" అన్నాను.

మా వీధి చివర సన్నాయి తాతగారున్నారు. డెబ్భై దాటిన మనిషి. ఒక సాయంత్రం లాప్‌టాపు పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. తాతగారు కళ్ళజోడు పెట్టుకుని తెర కేసి చూసి, "ముప్ఫై తొమ్మిది కొట్టండి బాబూ" అన్నారు. స్వరాలు వచ్చాయి. పేరు మాత్రం అన్నయ్య ఇంకా ఎక్కించలేదు.

"ఝాలవరాళి" అన్నారాయన. "ఝా అంటే తొమ్మిది, ల అంటే మూడు. తొంభై మూడుని తిప్పి చదవండి."

కటపయాది అంటే ఇదే. పేరులో మొదటి రెండక్షరాల్లోనే సంఖ్య దాగి ఉంటుంది. ధీరశంకరాభరణంలో ధ తొమ్మిది, ర రెండు, తిప్పితే 29. మేచకల్యాణిలో మ ఐదు, చ ఆరు, తిప్పితే 65. ఇరవై తొమ్మిదికి ముప్ఫై ఆరు కలిపితే అరవై ఐదు; అంటే శంకరాభరణంలో మధ్యమం ఒక్కటి మార్చితే కల్యాణి. అన్నయ్య మొహం చూడాలి అప్పుడు! కంప్యూటరు పుట్టకముందే ఎవరో పేరులో చిరునామా దాచి పెట్టారు.

"వరాళి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పరాదంటారండి" అన్నారు తాతగారు. "విని పట్టుకోవాలంతే. అయినా డెబ్భై రెండూ నాకు రావు. నాకు అన్నం పెట్టినవి ఓ పదిహేనుంటాయి. ఇప్పుడు అవీ అక్కర్లేదు. తాళి కట్టే అయిదు నిమిషాలకే మమ్మల్ని పిలుస్తున్నారు, మిగతా రాత్రంతా బాక్సులే. నా పని పాటల పెట్టె పట్టుకుపోయింది. మీ పని ఏది పట్టుకుపోయిందండీ?"

ఊరందరికీ తెలిసిపోయిందని మాకప్పుడు తెలిసింది.

అన్నయ్య ఒక్క క్షణం నా వైపు చూసి, "నాదీ ఓ పెట్టేనండి. మనిషి అడిగితే ప్రోగ్రాము తనే రాసేస్తుంది" అన్నాడు.

"తప్పులు రాయదా?"

"రాస్తుందండి. ఎవరో ఒకరు దిద్దాలి."

"మరయితే ఆ ఒకరు మీరే అవ్వండి, ఆయ్" అని సన్నాయి తీసి, ఆ ముప్ఫై తొమ్మిదినే ఊదారు. ఊపిరి మధ్యలో రెండుసార్లు ఆగింది. బాలమురళి రికార్డు విన్నప్పుడు కలగనిది నాకు ఆ ఆగినచోట కలిగింది. ఏమని చెప్పాలో తెలియదు. ఫిజిక్సులో దానికి మాట లేదు.

ఆ రోజుల్లోనే లే అవుటు వేసే పెద్దమనిషి ఒకాయన మా అర ఎకరానికి ధర చెప్పాడు. అన్నయ్య అప్పు వాయిదాలు కట్టడానికి నాన్న దాదాపు ఒప్పుకున్నాడు. "అదీ అమ్మేస్తే మనకి అరుగే మిగులుతుంది నాన్నా" అన్నాడు అన్నయ్య. రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. చివరికి అమ్మ గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. పొలం ఉంది. గాజులింకా బ్యాంకులోనే ఉన్నాయి.

2025 మేలో విశాఖపట్నంలో ఉద్యోగం దొరికింది. జీతం మూడో వంతు తక్కువ. పెట్టె రాసిన ప్రోగ్రాములు దిద్దడమే అక్కడ అతని పనిలో సగమట. తాతగారి మాట ఫలించిందని వీధంతా చెప్పుకున్నారు. నెలలో పది రోజులు ఇంటినుంచి పని. అరుగు మీద బల్ల తియ్యలేదు.

నా సంగతి ఏమంటే, ఫిజిక్సు చదివి ఏం చేస్తావని అడిగేవాళ్ళు, మూడేళ్ళ కిందట కోడింగు నేర్చుకోమన్నారు. ఇప్పుడు వాళ్ళే బి.ఇడి. చెయ్యమంటున్నారు. మేనత్త సంబంధాలు చూస్తోంది. ఎమ్మెస్సీ చదువుతానని నాన్నతో చెప్పాను. "ఫీజెంత అమ్మాయ్?" అన్నాడు. చెప్పాను. బస్తాల్లోకి మార్చుకుంటున్నాడని ఆ పెదవులు చూస్తే తెలిసింది. "చూద్దాం" అన్నాడు. మా నాన్న నిఘంటువులో చూద్దామంటే కాదని కాదు, అవునని కూడా కాదు.

ఈ దాళ్వాకి అన్నయ్య నాన్నకోసం వంతుల పట్టిక ఒకటి తయారు చేశాడు. తేదీ, గంట, ఏ బోదెకి ఎప్పుడు నీళ్ళు, అన్నీ కంప్యూటరు లెక్క కట్టి ఇచ్చింది. నాన్న దాన్ని గోడకి అంటించాడు. రెండో వారంలోనే లస్కరు గారు వంతు మార్చేశారు. నాన్న పట్టిక చింపలేదు. బొగ్గు పెన్సిలుతో పాత గంట కొట్టేసి పక్కన కొత్తది రాసుకున్నాడు. మొన్న చూస్తే, ఆ కాగితం కింది అంచున ఆయన చేతిరాతతోనే నా ఎమ్మెస్సీ ఫీజు రాసి ఉంది, పక్కన ఇరవై రెండు బస్తాలు అని.