ఎవరి పేరు ఏ రిజిస్టర్లో

నేను సివిల్ ఇంజనీరుగా ఉద్యోగంలో చేరింది 2003లో. మొదటి పదమూడేళ్ళు నేను పనిచేసిన ఏ సైట్లోనూ నాతోపాటు ఇంకో ఆడ ఇంజనీరు లేదు. అంటే సైట్లో ఆడవాళ్ళే లేరని కాదు. ఎప్పుడూ ఉన్నారు. ఇసుక జల్లిస్తూ, ఇటుకలు మోస్తూ, మాలు తట్టలు అందిస్తూ, స్లాబుకి నీళ్ళు పెడుతూ నలభై మందో యాభై మందో ఉండేవారు. ‘సైట్లో లేడీస్ ఎంతమంది?’ అని హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసి అడిగితే మా ప్రాజెక్ట్ మేనేజర్ నావైపు చూస్తూ ‘ఒక్కరే సర్’ అనేవాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన రిజిస్టర్లో ఉన్నది నిజంగా ఒక్కదాన్నే.

ఎంప్లాయీ రిసోర్స్ గ్రూప్ అనే మాట మా కంపెనీకి 2016లో వచ్చింది. ఒకేరకం ఇబ్బందులున్న ఉద్యోగులు కలుసుకుని మాట్లాడుకోవడానికి కంపెనీయే కొంత సమయమూ కొంత డబ్బూ ఇచ్చే ఏర్పాటు ఇది. ఆడ ఉద్యోగుల కోసం మా హెచ్.ఆర్. వాళ్ళు అలాంటి గ్రూపు పెట్టారు. కంపెనీ పెట్టే మహిళా గ్రూపు అనగానే మీ మొహాల్లో కదిలే నవ్వు నాకు తెలుసు. నేనూ అలాగే నవ్వుకున్నాను. మొదటి మార్చి 8కి ముగ్గుల పోటీ, గులాబీలు, కేకు. సైట్లలో ఉన్న మేం నలుగురం ఫోన్లో ఆ చప్పట్లు విన్నాం.

తర్వాత కుతూహలం కొద్దీ దీని పుట్టుక గురించి చదివితే వేరే కథ దొరికింది. 1964లో అమెరికాలోని రోచెస్టర్‌లో నల్లజాతి ప్రజల తిరుగుబాటు జరిగింది. జెరాక్స్ కంపెనీ ఉన్న ఊరది. ఆ వేడి తగిలాకే దాని అధిపతి జోసెఫ్ విల్సన్ నల్లజాతి వాళ్ళని ఉద్యోగాల్లోకి తీసుకోవడం గురించి గట్టిగా ఆలోచించాడు. అలా చేరిన ఉద్యోగులు 1970 నాటికి అక్కడ తమ సొంత కాకస్ ఏర్పాటు చేసుకున్నారు. ఈ గ్రూపులన్నిటికీ మూలం అదేనంటారు. మా నిర్మాణరంగంలో చూస్తే అంతకుముందే, 1953లో, టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో పదహారు మంది ఆడవాళ్ళు ఎవరూ పెట్టకుండానే తామే ఒక సంఘం పెట్టుకున్నారు. రెండేళ్ళకి అది దేశమంతటికీ సంఘమైంది. ఒకటి కోపంలోంచి, ఇంకొకటి ఒంటరితనంలోంచి పుట్టాయి. మా దగ్గరికి వచ్చేసరికి అది హెచ్.ఆర్. క్యాలెండర్లో ఒక తేదీగా మిగిలింది.

అయినా ఆ గ్రూపు నాకు చాలా ఇచ్చింది. ఆ మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది.

రెండో ఏడాది ఒక సాయంత్రం ఫోన్ మీటింగ్‌లో, కాలవ పనిలో ఉన్న ఒక చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఆరు నెలలయిందేమో, ‘మేడం, మీరంతా పొద్దున ఎన్ని గంటల తర్వాత నీళ్ళు తాగడం మానేస్తారు?’ అని అడిగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కరమే చెప్పాం. ఒకరు ఆరింటికి. ఒకరు టీ కూడా తాగరు. ఒకామెకి రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో ఉంది, సెలవు చీటీలో మాత్రం జ్వరమని రాసింది. నేను పదమూడేళ్ళుగా నా ఒక్కదాని శరీరం తాలూకు రహస్యం అనుకున్నది రాష్ట్రంలో నాలుగు మూలలా అందరిదీ అని ఆ సాయంత్రం తెలిసింది. స్త్రీవాద పుస్తకాల్లో మనం చదువుకున్న ‘చైతన్యం పెంచుకునే బృందాలు’ గుర్తొచ్చాయి. కంపెనీ ఖర్చుతో, కంపెనీకి తెలియకుండా మాలో ఏదో మొదలయింది.

ఆ తర్వాత ముగ్గులు తగ్గాయి. సేఫ్టీ బూట్లు ఏడో సైజు కంటే చిన్నవి కొనరని, అందరం ముందు భాగంలో గుడ్డలు కుక్కి నడుస్తున్నామని తేలింది. సేఫ్టీ బెల్టు ఛాతీ దగ్గర ఎలా పడుతుందో ఒకామె బొమ్మ గీసి పంపింది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది కదా, తిరిగొచ్చిన వాళ్ళని ‘నీ మంచికేనమ్మా’ అంటూ సైటు నుంచి తీసేసి బిల్లింగ్ సెక్షన్లో కూర్చోబెట్టేవారు. మా వృత్తిలో సైటు అనుభవం లేనివాళ్ళు ప్రాజెక్ట్ మేనేజర్ కాలేరు. అంటే ఆ మంచితనం ఖరీదు పదేళ్ళ తర్వాత తెలుస్తుంది. మేం ఆ పేర్లన్నీ రాసి ఒక పట్టిక తయారుచేసి పంపాక, మళ్ళీ సైటు అడిగిన ముగ్గురికి ఇచ్చారు. కొత్త ఊళ్ళో ఒంటరి ఆడపిల్లకి గది ఎవరిస్తారు, రాత్రి కాంక్రీట్ ఉన్నప్పుడు తిరిగి వెళ్ళేదెట్లా, చెప్పినా వినని సెంట్రింగ్ మేస్త్రీతో ఎలా మాట్లాడాలి... ఇవన్నీ చెప్పుకోవడానికి మనుషులు దొరికారు. ‘నెట్‌వర్కింగ్’ అంటారట దాన్ని. నేను మాత్రం ఊపిరి అంటాను.

అన్నిటికంటే పెద్ద గెలుపు మరుగుదొడ్డి. ప్రతి సైట్లోనూ ఆడవాళ్ళకి ఒక పోర్టా క్యాబిన్ మంజూరైంది. తలుపు మీద ‘లేడీ స్టాఫ్ ఓన్లీ’ అని రాసి, తాళం వేసి, తాళంచెవి నా చేతికిచ్చారు.

ఆ తాళంచెవి దగ్గరే మా గ్రూపు చీలింది.

నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె మా సైట్లో పనిచేసేది. ఇప్పుడు హైదరాబాద్ సైట్లలో కూలీలు ఎక్కువగా ఒడిశా, బీహార్, జార్ఖండ్ వాళ్ళే. ఒకప్పుడు పాలమూరు కూలి లేకుండా ఈ దేశంలో డ్యామే లేదనేవారు. ఈమె ఆ పాత దారిలో వచ్చిన వాళ్ళలో మిగిలిన మనిషి. నా చేతిలో తాళంచెవి చూసి ‘మీకు సంగం ఉందంట గద మేడం’ అంది. ఉందన్నాను. ‘పొదుపెంత?’ పొదుపు లేదన్నాను. ‘మరి తీర్మానం ఎవరు రాస్తరు?’ అలాంటిదీ లేదన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది. ఊళ్ళో పదేళ్ళు పొదుపు సంఘం లీడరట. పుస్తకాలు నడిపింది, బ్యాంకు మేనేజరుతో పోట్లాడింది, కిస్తీ ఇక్కణ్ణించే ఫోన్లో కడుతోంది. మాకు ‘కనెక్షన్’ ఎలా ఏర్పరుచుకోవాలో నేర్పడానికి ఆ ఏడాదే బెంగుళూరు నుంచి ఒక ట్రైనర్ని విమానంలో రప్పించారు. రప్పించాల్సిన మనిషి గ్రౌండ్ ఫ్లోర్లో ఇటుకలు తడుపుతోంది.

‘మా సంగంల గూడ కూసోండి మరి’ అన్నాను నాకొచ్చిన తెలంగాణలో. నవ్వింది. ‘మేస్త్రికి తెలిస్తే హాజరు కోస్తడు. సంగం ఒద్దు గని, ఆ తాళం జర తియ్యుండ్రి. చీకటి పడేదాక ఆగలేక సస్తున్నం.’

మీటింగ్‌లో ఈ మాట పెట్టాను. ‘వాళ్ళు మన ఎంప్లాయీస్ కాదు కదా, కాంట్రాక్టర్ మనుషులు’ అంది ఒకామె. ఇంకొకామె మాటలో దురుద్దేశం లేదు, భయం ఉంది. ‘కూలీల సంగతి ఎత్తామంటే మనది యూనియన్ అంటారు. ఈ గ్రూపు బతుకుతున్నదే యాజమాన్యం దయ మీద. రేపు మూసేస్తే కాలవ మీద ఉన్న ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతుంది?’ దీనికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. మా బడ్జెట్ హెచ్.ఆర్.ది, మా స్పాన్సర్ ఒక వైస్ ప్రెసిడెంట్. దయ మీద నిలబడ్డ చోటు ఎంత గట్టిదో ఆమె సరిగ్గానే కొలిచింది. మూడో మాట మాత్రం వేరు. ‘వాళ్ళు వాడితే మనం వాడలేం. శుభ్రత ఉండదు’ అంది. శుభ్రత అనే మాట వెనక మన ఇళ్ళల్లో, ఊళ్ళల్లో ఏం దాక్కుంటుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. వెనక గ్లాసులు వేరుగా ఉండేవి. ఇక్కడ తాళంచెవి.

మా హెడ్డాఫీసు గోడమీద గ్రూపు పెట్టిన పోస్టర్ ఒకటుంది. అయ్యలసోమయాజుల లలితది. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, పసిపిల్లతో మిగిలి, గిండీ కాలేజీలో 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసిన తెలుగామె. ఈ దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. భాక్రానంగల్ పనిలోనూ ఆమె చేయి ఉంది. ఆ పోస్టర్ చూసినప్పుడల్లా నాకు ఇష్టంగానే ఉంటుంది. కానీ 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ని రాతితో కట్టారు. ఆ రాళ్ళూ మాలూ తలమీద పెట్టుకుని పరంజాలెక్కిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరయినా మన దగ్గరుందా? 2025 జూన్‌లో చినాబ్ వంతెన ప్రారంభమయినప్పుడు మా వాట్సాప్ నిండా ప్రొఫెసర్ మాధవీలత ఫొటోలే. పదిహేడేళ్ళు దాని మీద పనిచేసిన మనిషి. తనని ఒక్కదాన్నే పైకెత్తొద్దని, ప్రశంస దక్కాల్సిన వేలమందిలో తనొకర్తినని ఆవిడే కోరింది. ఆ కోరిక మాత్రం మా గ్రూపులో పెద్దగా ఫార్వర్డ్ కాలేదు.

నాకు పనికొచ్చింది చట్టం. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ‘ఉద్యోగి’ అన్న మాటకి అర్థం చెబుతూ రోజుకూలీ వాళ్ళని, కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్ళని కూడా కలిపింది. ప్రధాన యజమానికి తెలిసినా తెలియకపోయినా సరేనంది. అంటే మా గ్రూపుకి కానివాళ్ళు మా అంతర్గత కమిటీకి ఉద్యోగులే! నేనా పేజీ చదివి వినిపించాక గ్రూపులో ఎనిమిది మంది నావైపు వచ్చారు. అయిదుగురు రాలేదు. ఇద్దరు గ్రూపే మానేశారు. మా సైట్లో కమిటీ నోటీసు తెలుగు, హిందీ, ఒడియాల్లో పెట్టించాం. చదవలేని వాళ్ళకి పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో చదివించాం. మగ సూపర్వైజరు చదువుతుంటే అందరూ నేల చూపులు చూశారు, మర్నాటి నుంచి నేనే చదివాను. తాళం తీయించాం. దానికి నాలుగు నెలలు పట్టింది.

పిల్లల గది సంగతి ఇంకా తేలలేదు. నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం, ఆడ కార్మికులు యాభైమంది దాటితే ఆరేళ్ళలోపు పిల్లలకి గది ఉండాలంది. నేను పనిచేసిన సైట్లలో ఆ సంఖ్య నలభై ఆరు దగ్గరో నలభై ఎనిమిది దగ్గరో ఆగిపోయేది. ఇంత కచ్చితంగా ఆగే సంఖ్యలు క్యూబ్ టెస్టుల్లో కూడా నేను చూడలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో ఆడవాళ్ళని వేరుగా లెక్కపెట్టలేదు, మొత్తం కార్మికులు యాభైమంది దాటితే చాలు. ఆ లెక్కన మా సైట్ ఎప్పుడో దాటింది. గది కూడా ఉంది. అందులో ప్రస్తుతం టైల్స్ పెట్టెలున్నాయి. 1969లో ఢిల్లీలో రాజ్‌ఘాట్ దగ్గర పని జరుగుతున్న చోట మట్టిలో పడుకున్న పిల్లల్ని చూసి మీరా మహదేవన్ ఒక గుడారంతో మొబైల్ క్రెష్ మొదలుపెట్టింది. ఆమెకి ఏ గ్రూపూ లేదు, ఏ స్పాన్సరూ లేడు. టైల్స్ పెట్టెలు కూడా అడ్డం లేవనుకోండి.

పాలమూరు పెద్దామె సంక్రాంతికి ఊరెళ్ళి తిరిగి రాలేదు. మోకాళ్ళు పోయాయని ఆమె ఊరివాళ్ళు చెప్పారు. ముప్ఫయ్యేళ్ళు గోడలు కట్టే చోట పనిచేసిన మనిషి కూలీగానే వెళ్ళిపోయింది. ఆమె తర్వాత వచ్చి, ఆమె అందించిన మాలుతో గోడలు కట్టడం నేర్చుకున్న కుర్రాళ్ళు మేస్త్రీలయ్యారు. తాపీ ఆడచేతికి ఎందుకు రాదో మా గ్రూపు ఇంకా చర్చకి పెట్టలేదు.

తాళం తీశాక ఆ పోర్టా క్యాబిన్‌ని రోజూ అరవైమంది వాడుతున్నారు. కడగడానికి ఒకామెని పెట్టారు. చేతికి గ్లోవ్స్ లేవు. ఎవరివ్వాలని అడిగితే ఆమె హౌస్‌కీపింగ్ ఏజెన్సీ మనిషన్నారు. ఆ ఏజెన్సీ రిజిస్టర్ మా సైట్లో ఉండదట. వచ్చే నెల మీటింగ్ అజెండాలో ఆమె సంగతి తొమ్మిదో పాయింటుగా రాశాను. హెచ్.ఆర్. వాళ్ళు ఫోన్ చేసి, సమయం తక్కువగా ఉంది, ఎనిమిదితో ఆపుదామా అని అడిగారు. దాన్ని మొదటికి మార్చి పంపాను.