ఫ్రిజ్ కడిగే రోజు

ఇంటిచాకిరీ గురించి మనం చాలానే రాసుకున్నాం. అంట్లు, వాకిలి, పొయ్యి, పప్పు రుబ్బడం అన్నీ సాహిత్యంలోకి వచ్చాయి. విమల ‘వంటిల్లు’ చదవనివాళ్లు ఈ పత్రిక పాఠకుల్లో ఉండరు. ఫ్రిజ్ కడగడం గురించి మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు. నెలకో రెండు నెలలకో వచ్చే పని కదా, పైగా చల్లటి పని. దాన్ని చాకిరీ కింద లెక్కెయ్యడానికి మనకే మొహమాటం.

కోరుకొండలో మా అత్తవారింట్లో ఒంటి తలుపు ఫ్రిజ్ ఉండేది. 165 లీటర్లది. నా పెళ్లి సామానుతో వచ్చింది. వచ్చిన బంధువులందరికీ కనపడాలి కాబట్టి వంటింట్లో కాక హాల్లో పెట్టారు. ఇప్పటి ఫ్రిజ్‌ల్లాగా తన మంచు తనే కరిగించుకునే రకం కాదది. గోదావరి జిల్లా గాలిలో ఉండే తడి సంగతి తెలిసిందే. తలుపు తీసినప్పుడల్లా ఆ తడి లోపలికి పోయి ఫ్రీజరు గోడకి అంటుకుంటుంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు సాగిపోతే మూసి ఉన్నా పోతుంది. ఆ మంచు పావు అంగుళం దాటిందంటే అదే ఒక దుప్పటి. లోపలి వేడిని బయటికి లాగనివ్వదు. వెనకాల కంప్రెసర్ ఏకబిగిన మోగుతూనే ఉంటుంది, కరెంటు కాలుతూనే ఉంటుంది.

కడగాలంటే ముందు ప్లగ్గు తీసెయ్యాలి. మంచుని చాకుతో గీకకూడదు. ఆ పల్చటి అల్యూమినియం రేకులోనే గ్యాసు తిరిగే దారులుంటాయి. ఒక్క గాటు పడిందా, గ్యాసంతా పోతుంది. నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు అట్లకాడతో గీకబోతే మా మామగారు చేసిన గొడవ వీధి వీధంతా విన్నది. గిన్నెడు వేణ్ణీళ్లు ఫ్రీజర్లో పెట్టి తలుపు తెరిచి ఉంచితే మంచు పెళ్లలుగా అదే ఊడి పడుతుంది. అరలన్నీ తీసి సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. లోపల మాత్రం సబ్బు వాడితే ఆ వాసన పాలకి పడుతుంది, వంటసోడా కలిపిన నీళ్లు చాలు. రబ్బరు మడతల్లో నల్లటి బూజు పాత పళ్లబ్రష్షుకే వస్తుంది. వెనక కంప్రెసర్ మీద ఒక పళ్లెం ఉంటుంది. కరిగిన నీళ్లు అందులో చేరి దోమలు పెడతాయి. అది ఉందన్న సంగతే మా ఇంట్లో మగవాళ్లెవరికీ తెలియదు.

రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకం రాసింది. ఇంట్లోకి వచ్చిన యంత్రాలు ముందుగా మగవాళ్లూ, పిల్లలూ, పనివాళ్లూ చేసే పనుల్ని తగ్గించాయనీ, తల్లి పని మాత్రం తల్లికే మిగిలిందనీ ఆమె వాదన. మొదటిసారి చదివినప్పుడు మా హాలు కనపడింది నాకు. తర్వాత ఆలోచిస్తే అందులో ఒక మనిషి తక్కువైంది. మా ఫ్రిజ్‌ని శుభ్రం చేసే ఆడవాళ్లు ఇద్దరం. లోపల నేను, బయట ఆమె.

ఆమె పేట నుంచి వచ్చేది. పెరట్లో అంట్లు తోమి, హాలు తుడిచి, ఫ్రిజ్ తలుపు మీద చేతి మరకలు తుడిచి వెళ్లేది. తలుపు తియ్యడానికి మాత్రం వీల్లేదు. అది మా అత్తగారి నియమం. ఆ మూడు రోజులూ నేనూ ముట్టుకోకూడదు. దాని మీద మండిపోయి నేనో కథ కూడా రాశాను, అచ్చయింది కూడా. నెలలో ముప్ఫై రోజులూ ముట్టుకోకూడని మనిషి అదే హాల్లో ఉందన్న సంగతి ఆ కథలో లేదు.

ఆమె కూతురికి పదమూడో ఏట షుగరు వ్యాధి బయటపడింది. మాత్రలతో పోయేది కాదు, రోజూ ఇన్సులిన్ పొడవాలి. రాజమండ్రి వెళ్లినప్పుడు మూడేసి సీసాలు కొనుక్కొచ్చేది. వాడే సీసా ఇంట్లో, మిగతా రెండూ మా ఫ్రిజ్‌లో. ‘‘మందే కదా, దానికి అంటేమిటి’’ అని నేను వాదిస్తే అత్తగారు ఒప్పుకున్నారు. ఆ ఒప్పించడం గురించి నాకు కొంచెం గర్వంగానే ఉండేది. సీసా అయిపోగానే ‘‘అమ్మగారూ, సీసా ఇప్పించండి’’ అనేది, నేను తీసిచ్చేదాన్ని.

2004 ఫాల్గుణంలో నరసింహస్వామి తీర్థానికి ఇల్లంతా చుట్టాలు. కొండ 600 పైచిలుకు మెట్లు ఎక్కి దిగినవాళ్లకి మజ్జిగ, నిమ్మరసం, డ్రింకు సీసాలు. తలుపు అరల్లో చోటు చాలక ఇన్సులిన్ సీసాలు రెండూ ఫ్రీజరు కింద ట్రేలోకి నెట్టాను. ఐసు త్వరగా కావాలని మీట ఆఖరి అంకె దాకా తిప్పాను. అయిదు రోజుల తర్వాత, చుట్టాలు వెళ్లాక, కడగడానికి ప్లగ్గు తీస్తే ఆ రెండు అట్టపెట్టెలూ మంచుకి అతుక్కుపోయి ఉన్నాయి. సీసాల్లో మందు రాయిలా ఉంది.

పెట్టెలో మడిచిన కాగితం తీసి చదివాను. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు, గడ్డకడితే వాడకూడదు అని ఇంగ్లీషులో ఉంది. నాకు ఇంగ్లీషు వచ్చు. ఆమెకి తెలుగు కూడా చదవడం రాదు. కాగితం మళ్లీ మడిచి పెట్టెలో పెట్టాను. కరిగాక చూస్తే మామూలుగానే ఉన్నట్టనిపించింది. పెట్టెలు తుడిచి తలుపు అరలో సర్దాను. ఒక సీసా అంటే ఆమెకి మా ఇంట్లో పదిరోజుల జీతం. కొత్తవి కొనివ్వాలంటే అత్తగారికి చెప్పాలి. చెబితే ‘‘ముందే అన్నాను కదా’’ అంటారు. ఇంత లెక్క వేశాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

వారం తిరక్కుండా సీసా అడిగింది. ఇచ్చాను.

నాలుగో రోజున ఆమె పనికి రాలేదు. పిల్లకి వాంతులు, ఆయాసం, నోటి నుంచి మగ్గిన పండు వాసన. రాజమండ్రి తీసుకెళ్లారు. డాక్టరు సీసా ఊపి చూస్తే తెల్లటి పలుకులు తేలాయట. ‘‘ఇది గడ్డకట్టిందా?’’ అని అడిగితే, ‘‘లేదండి, మా అమ్మగారి ఫ్రిజ్‌లోనే ఉందండి’’ అందట. పిల్ల బతికింది. ఈ మాట ఆమె నాకు చెప్పింది అంట్లు తోముతూ, నవ్వుతూ.

అప్పుడు చెప్పాను. కాగితం చదివిన సంగతి కూడా చెప్పాను. చేతిలో గిన్నె కడగడం ఆపలేదు. కాసేపటికి, ‘‘తమరు కావాలని చేస్తారేటండి’’ అంది. మర్యాదకి అన్న మాటో, కాదో నాకిప్పటికీ తెలియదు. మిగిలిన సీసాకి బదులు నేనిచ్చిన డబ్బులు తీసుకుంది. కొత్త సీసా మాత్రం మా ఇంటికి తేలేదు. పని మానలేదు. ఫ్రిజ్ తలుపు మీద మరకలు ఎప్పట్లాగే తుడిచేది.

రెండు నెలలాగి ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను, అదే మొదటిసారి. నీడన గోడవారగా కుండలో కుండ, మధ్యన తడి ఇసక, పైన తడిగుడ్డ. లోపల కూజామూత కింద సీసా. పిల్ల పొద్దునా సాయంత్రం ఇసక తడుపుతుందట. ఫ్రిజ్ చల్లదనం దానికి రాదు. గాలి పొడిగా ఉంటే బాగా పనిచేస్తుంది, మన ఉక్కలో తక్కువ. అందుకని ఆమె ఇప్పుడు సీసా తర్వాత సీసా, ఒక్కోటే కొంటోంది, ప్రతిసారీ రాజమండ్రి బస్సు ఛార్జీ పెట్టుకుని.

నేను చూస్తూ నిలబడ్డాను. ఆమె గుడ్డ పక్కకి తీసింది.

‘‘చెయ్యెట్టి చూడండమ్మగారూ, పర్లేదు’’ అంది.