పాపికొండల అడవికి పోతున్నారా?

తెనాలి నుంచి ఒక సోదరి రాశారు. పిల్లలకు సెలవులివ్వగానే మారేడుమిల్లి వెళ్లి, అడవిలో గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉండాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారట. పెద్దవాడికి పదకొండేళ్లు, చిన్నదానికి ఏడు. అత్తగారికి అరవై ఎనిమిది, చక్కెర వ్యాధి, పూటపూటా ఇన్సులిన్. "ఏ మందులు వెంట పెట్టుకోవాలో ఒక జాబితా ఇవ్వండి, ఆవిడను తీసుకెళ్లవచ్చో లేదో కూడా చెప్పండి" అని అడిగారు.

జాబితా ఇవ్వడం తేలికే. కాని అమ్మా, అడవిలో జబ్బు చేసేది మందుల పెట్టెలో ఏదో లేకపోవడం వల్ల కాదు. ఆ చోటు ఎలాంటిదో తెలియకపోవడం వల్ల. అందుచేత ముందు చోటు సంగతి చెబుతాను. ఆ ప్రాంతంతో నాకు పాత పరిచయం. 1996లో నా మొదటి ఉద్యోగం ఆ ఏజెన్సీలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే.

రాజమండ్రిలో బయలుదేరితే గోకవరం దాకా మనకు తెలిసిన లోకమే. వరిచేలు, కొబ్బరిచెట్లు, కాఫీ హోటళ్లు. గోకవరం దాటాక రోడ్డుకు రెండువైపులా చెట్లు దగ్గరపడతాయి. రంపచోడవరం వచ్చేసరికి గాలి మారుతుంది. అక్కడి నుంచి మారేడుమిల్లి ముప్ఫై కిలోమీటర్ల లోపే. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాటురోడ్డు ఎక్కితే మలుపు మీద మలుపు. పట్టపగలు కూడా కొన్నిచోట్ల ఎండ నేలమీద పడదు. వెదురు పొదలు, పెద్ద పెద్ద మాన్లు, వాటిని పెనవేసుకున్న తీగలు. ఆ దారిలోనే జలతరంగిణి, అమృతధార జలపాతాలు. ఇటు వలమూరు దగ్గర ఏరు ఒంపు తిరిగినచోట గుడారాలు వేసే మకాం ఉంది. వాలి సుగ్రీవులు పోరాడింది ఇక్కడేనని అక్కడివాళ్లు చెబుతారు. తెల్లవారుజామున లేచి చూస్తే కొండల నడుమ మంచు పాలు పోసినట్టు నిలిచి ఉంటుంది. ఆ దృశ్యం కోసం నేను ఇప్పటికీ రెండేళ్లకోసారి వెళ్తాను.

ఒక మాట స్పష్టంగా తెలుసుకోండి. గోదావరికి ఇరువైపులా ఉన్న పాపికొండల అడవిని 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి అది. చిరుతపులి, అడవిదున్న, ఎలుగుబంటి తిరిగే చోటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అందులోకి అనుమతి లేకుండా పోకూడదు. కారు ఆపి, నచ్చిన చెట్టుకింద గుడారం వేసుకోవడం అసలే కుదరదు. అటవీశాఖ వారు, గిరిజన గ్రామాల సంఘాల వారు అడవి అంచున నడిపే మకాములు ఉన్నాయి. ముందుగా అడిగి అక్కడే దిగాలి. ఇది చట్టం కోసం మాత్రమే కాదు. అక్కడ కాపలా మనిషి ఉంటాడు, బండి ఉంటుంది, ఏ దారి ఆస్పత్రికి పోతుందో తెలిసినవాడు ఉంటాడు. ఆ ఘాటులో చాలాచోట్ల సెల్‌ఫోను పనిచేయదు. 108కి ఫోను చేద్దామన్నా చేసేందుకు సిగ్నలు ఉండాలి కదా!

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ అడవిలో పులికన్నా, పాముకన్నా నేను భయపడేది దోమకు.

మన ఊళ్లో దోమంటే మురికికాలువ గుర్తొస్తుంది. కొండదోమ అలాంటిది కాదు. అద్దంలా మెరిసే సెలయేటి అంచున, మెల్లగా పారే స్వచ్ఛమైన నీళ్లలో గుడ్లు పెడుతుంది. మీరు కాళ్లు పెట్టుకుని కూర్చుని ఫొటో తీయించుకునే నీళ్లే అవి. చెవి దగ్గర రొద పెట్టదు. మీరు మంచి నిద్రలో ఉండగా కుట్టి పోతుంది. మలేరియాను దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. నూట పాతికేళ్లు దాటింది. దోమకు ఆ సంగతి ఏమీ పట్టినట్టు లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వేడి అని, ఉక్క అని దోమతెర తీసేసి పడుకునేవాణ్ణి. రోగులందరికీ తెర కట్టుకోమని చెప్పే డాక్టర్ని నేనే! మూడో వారంలో చలి మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడింది. రోజు విడిచి రోజు అదే వరస. మా ఆరోగ్య కేంద్రంలో పనిచేసే కొండరెడ్ల పెద్దాయన నా వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తం పూస్తూ, "తెర కట్టుకోలేదా బాబూ?" అని మాత్రం అడిగాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అడవిలో తెర లేకుండా పడుకోలేదు.

నాకు వచ్చింది ప్రాణం తీసే రకం కాదు. ఫాల్సిపారం అనే రెండో రకం వేరు. అది మెదడుకు ఎక్కుతుంది.

2013లో మైదాన ప్రాంతంలో పనిచేస్తుండగా తొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి జ్వరమని తీసుకొచ్చారు. ఆ రోజు అవుట్‌పేషెంటు విభాగంలో వంద మంది పైన ఉన్నారు. గొంతు చూశాను, గుండె విన్నాను, ఊళ్లో అందరికీ వస్తున్న జ్వరమే అనుకుని పారాసెటమాల్ రాసి పంపించాను. మూడో రోజు రాత్రి ఫిట్సుతో తెచ్చారు. స్పృహ లేదు. అప్పుడు తండ్రి అన్నాడు: "పది పన్నెండు రోజుల కిందట ఏజెన్సీకి పిక్నిక్ వెళ్లామండీ. అది చెప్పాలా?" చెప్పాలి. కాని అడగవలసింది నేను. నేను అడగలేదు. పరీక్ష చేస్తే ఫాల్సిపారం. ఆర్టిసునేట్ ఇంజక్షన్లు మొదలుపెట్టి తెల్లవార్లూ పక్కనే కూర్చున్నాం. రెండో రోజు సాయంత్రానికి కళ్లు తెరిచి అమ్మను అడిగాడు. బతికాడు. ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

దోమ కుట్టిన వారానికి ముందు ఈ జ్వరం సాధారణంగా రాదు. తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులకు వస్తుంది. ఒక్కోసారి ఇంకా ఆలస్యంగానూ రావచ్చు. మరో రకం అయితే నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. అప్పటికి మీరు ఇల్లు చేరి, బట్టలు ఉతుక్కుని, ఫొటోలు చుట్టాలకు చూపించి, అడవిని మరిచిపోయి ఉంటారు. అందుకే గోడ మీది కేలండరులో తిరిగివచ్చిన తేదీ రాసిపెట్టుకోండి. అక్కడి నుంచి కనీసం నెలరోజుల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, డాక్టరు అడిగినా అడగకపోయినా, "మేము పాపికొండల అడవిలో ఉండి వచ్చాం, మలేరియా పరీక్ష చేయించండి" అని చెప్పండి. ఇప్పుడు చేతివేలి చుక్క రక్తంతో పావుగంటలో తేలిపోయే పరీక్ష ఉంది. నేను చేరిన రోజులకన్నా మలేరియా బాగా తగ్గింది, నిజమే. తగ్గింది కాని పోలేదు.

కుట్టకుండా చూసుకోవడానికి చిట్కాలు పెద్దగా ఏమీ లేవు. మందు పట్టించిన దోమతెర ఒకటి వెంట తీసుకువెళ్లండి, అంచులు పరుపు కిందికి దోపండి. గుడారానికి జాలీ ఉన్నా, పిల్లలు పదిసార్లు జిప్పు తీస్తారు. సందెవేళ నుంచి పొడుగు చేతుల చొక్కాలు, కాళ్లకు పైజామాలు, బయట ఉన్న చోట పూతమందు. ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్ర డాక్సీసైక్లిన్. ప్రయాణానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగివచ్చాక నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వకూడదు. అంటే మీ చిన్నదానికి కుదరదు. రెండు రాత్రుల కోసం అందరూ వేసుకోవాలా అనేది మీ వైద్యుడు మనిషిని చూసి చెప్పవలసిన మాట. మాత్ర వేసుకున్నాం కదా అని తెర మానేస్తే మాత్రం మాత్ర వేసుకోకపోవడమే మేలు.

వానాకాలం, దాని వెంట వచ్చే కార్తీకం దోమకు పండగ. వనభోజనాలకు మనవాళ్లు సరిగ్గా అప్పుడే బయలుదేరతారు! సంక్రాంతి వెళ్లాక పోవడం నయం. కాని చలిరోజుల్లోనూ ఒక చిన్న శత్రువు ఉంది. గడ్డిలో, పొదల్లో కంటికి కనిపించీ కనిపించని పురుగు కుడుతుంది. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. చంకలోనో, గజ్జల్లోనో, లోదుస్తుల అంచుకిందో ఉండటంతో ఎవరూ చూసుకోరు. గడ్డిమీద నేరుగా కూర్చోకండి, దుప్పటి పరుచుకోండి. మకాముకు రాగానే స్నానం చేసి బట్టలు మార్చండి. సకాలంలో పట్టుకుంటే మందుకు చక్కగా లొంగే జబ్బు ఇది. పట్టుకోకపోతే ఊపిరితిత్తులనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

పాముల గురించి మీరు అడగలేదు గాని మీ వారు తప్పక అడుగుతారు. నేలమీద పడుకున్నవాణ్ణి అర్ధరాత్రి కరిచేది ఎక్కువగా కట్లపాము. నొప్పి తెలియదు, గాటు కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, మింగుడుపడదు. రాత్రి తిన్న బొంగులో చికెన్ పడలేదని సోడా తాగించి కూర్చోబెడితే మనిషి దక్కడు. అడవిలో నిద్రలేవగానే రెప్పలు వాలితే ఏ గాటూ లేకపోయినా ఆస్పత్రికే. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఇవన్నీ సినిమా వైద్యాలు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లండి. పామును చంపి తేనక్కర్లేదు. దిగిన రోజునే, పగటిపూటే, పాము మందు ఉన్న దగ్గరి ఆస్పత్రి ఏదో మకాము వాళ్లను అడిగి తెలుసుకోండి. రాత్రి ఆ పని కాదు. వీలైతే మంచాలున్న గది తీసుకోండి. బయటికి వెళ్తే టార్చిలైటు, బూట్లు తొడిగే ముందు దులపడం. గుడారంలో తినుబండారాలు ఉంచవద్దు, వాసనకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాము వస్తుంది.

చలి వేస్తోందని గుడారం లోపల బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్లున్నారు. దయచేసి వద్దు. మూసిన గుడారంలో బొగ్గులపొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. మరో దుప్పటి కప్పుకోండి.

ఏటినీళ్లు ఎంత తేటగా ఉన్నా కాచి తాగండి. నీళ్లలో దిగడం గురించి మటుకు గట్టిగా చెబుతాను. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పైకొండమీద వాన పడితే నిమిషాల్లో ఏరు పొంగుతుంది. నీళ్లు మట్టిరంగు తిరిగితే, ఆకులు కొట్టుకొస్తుంటే వెంటనే గట్టెక్కండి. గండిపోచమ్మ గుడి దగ్గర పడవెక్కి పాపికొండలు చూసే ఉద్దేశం ఉంటే, పిల్లలకు సరిపడే లైఫ్‌జాకెట్టు ఉందో లేదో ముందు చూడండి. తొడిగించి తాళ్లు మీరే కట్టండి, దిగేదాకా విప్పనివ్వకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర మునిగిన పడవను తలుచుకుంటే, ఉక్కగా ఉందని జాకెట్టు విప్పేవాళ్లను చూసి నాకు కోపం వస్తుంది.

కోతులకు అరటిపళ్లు అందించవద్దు. కోతి రక్కినా, కుక్క కరిచినా సబ్బుతో పావుగంట సేపు ధారగా నీళ్లు పోసి కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి.

ఇక మీ అత్తగారు. తీసుకెళ్లండమ్మా. అరవై ఎనిమిదేళ్ల మనిషికి మంచు కమ్మిన కొండలు చూడాలని ఉండదా? కాని ఆవిడకు గుడారం వద్దు. మంచం, దగ్గర్లో బాత్‌రూము ఉన్న గది తీసుకుని, మనవళ్లలో ఒకరిని తోడు పడుకోబెట్టండి. ఇన్సులిన్‌ను చల్లటి నీళ్లతో తడిపిన గుడ్డలో చుట్టి వెడల్పు మూతి ఫ్లాస్కులో పెట్టండి, మంచుముక్కలకు తగలనివ్వకండి, గడ్డకట్టితే పనికిరాదు. ఇన్సులిన్ తీసుకుని జలపాతం చూడబోయి భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మాటలు కనిపిస్తే వెంటనే పంచదార నీళ్లు. అందుకని ఆవిడ కొంగున నాలుగు బెల్లంముక్కలు కట్టండి. ఆవిడ చేత మేజోళ్లు, మూసిన చెప్పులు తొడిగించండి, ఏటిలోనూ విప్పనివ్వకండి. కాళ్లకు స్పర్శ తగ్గినవారికి రాయి గీసుకున్నా తెలియదు. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు మీరే టార్చి వేసి చూడండి. ఘాటు ఎక్కే గంట ముందు పిల్లలకు వాంతులు రాకుండా ఇచ్చే మాత్ర ఏదో మీ వైద్యుణ్ణి అడిగి తీసుకోండి. వెంట నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు, జ్వరానికి పారాసెటమాల్, గాజుగుడ్డ, కర్రబద్దలు, ఆవిడ మందులు రెట్టింపు రోజులకు సరిపడా.

తిరిగొచ్చాక కేలండరు మీద తేదీ రాయడం మీ పెద్దవాడికి అప్పజెప్పండి. పదకొండేళ్లవాడు ఇలాంటివి మరిచిపోడు.